పెద్దోళ్లు ఒకరు ఉండాలె

ఆదివారం పొద్దున పరుశురాం సూరత్‌లో ఖాతా అని పిలిచే మరమగ్గాల షెడ్డు నుంచి పర్వత్ పాటియాలోని ఇంటికి వచ్చేసరికి ముగ్గురు పిల్లలూ తయారై కూర్చున్నారు. ఖాతాకు సెలవు సోమవారం, పిల్లల బడికి ఆదివారం. ఆ రెండూ కలవవు. అందుకని అతను శనివారం పగలు తన షిఫ్టు చేసి, రాత్రి తోటి పనివాడు రాములు షిఫ్టు కూడా చేశాడు. బదులుగా ఈ ఆదివారం అతని మగ్గాల దగ్గర రాములు నిలబడతాడు.

"జరసేపు పండుకోరాదు," అంది భార్య ఊర్మిళ.

"పండుకుంటే లేవ. పోదాం పాండ్రి."

పదిహేనేళ్ల హిమశ్రీ ఫోన్‌లో చూసి చదివింది. సూరత్‌లో పిల్లలను తీసుకుపోదగ్గ చోట్లు ఎవరో బడి గ్రూపులో పెట్టారు. ఐదేళ్ల లోపు వాళ్లకు చేపల అక్వేరియం. పదేళ్ల లోపు వాళ్లకు మేళా. ఆ పైవాళ్లకు సైన్స్ సెంటర్.

"రెండు షిఫ్టులు చేసినోళ్లకు ఏమన్న రాసిండ్రా అండ్ల?" అన్నాడు పరుశురాం.

"రాసిండ్రు బాపు. ఇంట్ల పండుకోమన్నరు."

నాలుగేళ్ల శ్రీవల్లికి చేపలు కావాలి. హిమశ్రీకి ఏమీ అక్కర్లేదు, తల్లి రమ్మన్నదని వస్తోంది. తొమ్మిదేళ్ల ఓంకార్‌కు మేళాలో పడవ కావాలి. అది ఇనుప కమ్మీకి వేలాడుతూ ఊగే పడవ. పోయినేడు గేటు మనిషి వాడిని కర్ర పక్కన నిలబెట్టి, తల పసుపు గీతకు అందలేదని వెనక్కి పంపాడు. "వచ్చే ఏడు తప్పకుండ ఎక్కుదువు," అని పరుశురాం వాడికి మాట ఇచ్చాడు. ఏడాది పొడవునా వాడు తలుపు చెక్క మీద పెన్సిల్‌తో తన ఎత్తు గీసుకున్నాడు. మేళాకు ఇదే ఆఖరి ఆదివారం.

ముందు చేపల దగ్గరికి వెళ్లారు. అక్కడ జనం ఉన్నా చప్పుడు లేదు. శ్రీవల్లి ప్రతి అద్దానికీ ముక్కు ఆనించింది. పరుశురాం దాని వెనక తిరుగుతూ మెలకువగానే ఉన్నాడు. చప్పుడు లేని చోట అతనికి నిద్ర రాదు. పెళ్లికి ముందు నుంచీ మగ్గాల మధ్యే పనిచేస్తున్నాడు. రాత్రి షిఫ్టు చేసి పగలు పడుకున్నప్పుడు ఇంట్లో టీవీ మోగుతూ ఉండాలి. ఎవరైనా ఆపితే లేచి కూర్చుంటాడు. ఖాతాలో మగ్గం ఆగిందంటే పోగు తెగినట్టు. "టీవీ ఆపకుర్రి, బాపు లేస్తడు" అన్నది ఆ ఇంట్లో శ్రీవల్లికి కూడా తెలుసు.

మేళా దగ్గరికి చేరేసరికి సాయంత్రమైంది. గేటు బయట ఫుట్‌పాత్ మీద చాలా కుటుంబాలు దుప్పట్లు పరుచుకుని తింటున్నాయి. వీళ్లూ ఒక దుప్పటి పరిచి, తెచ్చుకున్న పులిహోర తిన్నారు. ఓంకార్ రెండు ముద్దలు తిని లేచాడు.

పడవ దగ్గర వాడు చెప్పులు విప్పి కర్ర పక్కన నిలబడ్డాడు. తల గీత దాటింది. గేటు మనిషి వాడి వెనక చూశాడు.

"ఠీక్ హై. బడా కౌన్ హై సాథ్ మే?"

పెద్దోళ్లు ఒకరు పక్కన కూర్చోవాలి. అది నియమం. ఓంకార్ వెనక్కి తిరిగాడు. తండ్రి వెనక లేడు. పడవకు వెనక, జనరేటర్ ఉన్న రేకుల గది పక్కన బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. గడ్డం ఎదకు ఆనింది. చిన్నగా నోరు తెరుచుకుంది.

"బాపు! ఓ బాపు!" ఓంకార్ భుజం పట్టుకుని ఊపాడు. పరుశురాం కదలలేదు.

"వద్దురా," అంది ఊర్మిళ. "నిన్న పొద్దుగాల పోయిండు. పండుకోనీ."

"నువ్వు రా మరి."

"నాకు ఉయ్యాల ఊగితెనే కండ్లు తిరుగుతయి. ఇది సంకల ఉన్నది." శ్రీవల్లి ఆమె భుజం మీద నిద్రపోతోంది.

"నేను పోత," అంది హిమశ్రీ. ఆమె వెళ్లి అడిగింది. గేటు మనిషి వయసు అడిగి కుదరదన్నాడు. వెనక్కి వచ్చి, "నేను బచ్చానే అంట," అంది.

ఓంకార్ కాసేపు తండ్రిని చూశాడు. తర్వాత రేకుల గది దగ్గరికి వెళ్లి జనరేటర్ మనిషిని పిలిచాడు.

"అంకల్, ఏక్ మినట్ బంద్ కరో నా."

"క్యూఁ?"

"మేరే పప్పా కో ఉఠానా హై."

తండ్రిని లేపడానికి జనరేటర్ ఆపమంటే ఆ మనిషి నవ్వాడు. పక్కవాడిని పిలిచి చెప్పాడు. వాడూ నవ్వాడు. ఓంకార్ వచ్చి బెంచీ చివర కూర్చున్నాడు. చెప్పులు చేతిలోనే ఉన్నాయి. పడవ నిండింది, ఊగింది, ఆగింది, ఖాళీ అయింది, మళ్లీ నిండింది.

"ఇగ పోదామా బిడ్డా?" అంది ఊర్మిళ.

జనం పలచబడ్డాక డీజిల్ పోయడానికి జనరేటర్ ఆపారు. లైట్లు ఆరాయి. పాటలు ఆగాయి. పరుశురాం లేచి నిలబడ్డాడు.

"ఏది ఆగింది?" అన్నాడు. చేయి ముందుకు చాచి పోగు కోసం వెతికాడు.

"పడవ ఆగింది బాపు," అన్నాడు ఓంకార్.

అతను చీకట్లో చుట్టూ చూశాడు. కొడుకు చేతిలో చెప్పులు చూశాడు. "లేపొద్దార్ర నన్ను?"

"లేపినం," అంది హిమశ్రీ. "నీ కొడుకు మేళా మొత్తం బందు పెట్టుమన్నడు."

లైట్లు వచ్చేలోపు తండ్రీ కొడుకులు గేటు దగ్గర నిలబడ్డారు. ఇదే ఆఖరి రౌండు అన్నాడు గేటు మనిషి. ఇద్దరూ వెనక వరుసలో కూర్చున్నారు. ఇనుప కడ్డీ ఒళ్లోకి దిగింది. "గట్టిగ పట్టుకో," అన్నాడు పరుశురాం. జనరేటర్ మొదలైంది. పడవ కదిలింది.

మొదటి ఊపుకు అందరూ కేక వేశారు. రెండో ఊపుకు చేతులు పైకెత్తారు. ఏడాదిగా ఓంకార్ ఇంట్లో మంచం మీద నిలబడి చేతులు ఎత్తడం నేర్చుకున్నాడు. ఎత్తబోయి పక్కకు చూశాడు. తండ్రి తల కడ్డీ మీదికి వాలుతోంది. వాడు ఒక చేత్తో ఆ తలను తన భుజానికి ఆనించుకున్నాడు. రెండో చేత్తో చొక్కా పట్టుకున్నాడు. పడవ ఆగేదాకా అట్లాగే కూర్చున్నాడు.

ఆగగానే పరుశురాం కళ్లు తెరిచాడు. "అయిపోయిందా?"

"అయిపోయింది."

"భయమైందా?"

"లే."

కింద హిమశ్రీ ఫోన్ పట్టుకుని ఉంది. "వీడియో తీసినవా? ఏది, చూపియ్," అన్నాడు పరుశురాం. ఆమె ఫోన్‌లోకి చూసింది. పడవ నిండా చేతులు లేచి ఉన్నాయి, వెనక వరుసలో ఆ ఇద్దరివి తప్ప.

"చీకటి బాపు. మంచిగ రాలే," అని ఫోన్ సంచిలో వేసింది.

ఇంటికి ఆటోలో వచ్చారు. పరుశురాం మధ్యలో కూర్చుని, ఆటో కదలగానే నిద్రపోయాడు. డ్రైవరు ప్రతి సిగ్నల్ దగ్గరా ఇంజన్ ఆపుతున్నాడు. ఆపినప్పుడల్లా పరుశురాం లేచి, "వచ్చినమా?" అన్నాడు.

"ఇంక రాలే," అన్నాడు ఓంకార్. "పండుకో బాపు."

మూడో సిగ్నల్ దగ్గర వాడు ముందుకు వంగి, ఇంజన్ ఆపబోతున్న డ్రైవరు భుజం తట్టాడు. "భయ్యా, బంద్ మత్ కరో."