పీతల అన్నం వడ్డించే వేళకు

పెళ్లి ఫొటోలు మాట్లాడుకోవడానికి వచ్చే జంటలు ఏమడుగుతారో ఛువాంగ్ సుయున్‌కు కంఠతా వచ్చు. వాన పడితే ఏం చేస్తారు? కెమెరా మొరాయిస్తే ఇంకోటి ఉందా? మా మామయ్య కళ్లు మూసుకుంటే ఎలా? ఫొటోలు ఎన్నాళ్లకు చేతికొస్తాయి? చీషాన్ ఊళ్లో అరటిగెలల మార్కెట్టుకు ఎదురుగా ఉన్న తన స్టూడియోలో, టీ పోస్తూ పోస్తూనే ఆమె వీటన్నిటికీ జవాబు చెప్పేస్తుంది.

ఆ రోజు వచ్చిన షిన్‌రూ, ఆమెకు కాబోయే మొగుడు పోహాన్ కూడా అవే అడిగారు.

"మీరు ఒక్కరే వస్తారటగా పిన్నీ. ఒకేసారి రెండు చోట్ల రెండు జరిగితే?" అన్నాడు పోహాన్.

"రెండూ కనబడే చోట నిలబడతాను."

"ఒకటి తప్పిపోతే? మళ్లీ చెయ్యమంటారా?"

"ముప్పయ్యేళ్లలో ఎవర్నీ మళ్లీ చెయ్యమనలేదు బాబూ. పుట్టింటి నుంచి వెళ్లేటప్పుడు పెళ్లికూతురు ఆనవాయితీగా కారులోంచి విసనకర్ర బయటికి ఒక్కసారే విసిరేస్తుంది. రెండోసారి విసిరితే అది నాటకం."

పోహాన్ తన టీ గుక్కెడు తాగాడు. షిన్‌రూ మాత్రం టీ కప్పును వేళ్లతో తిప్పుతూ కూర్చుంది. ఆమె అసలు ప్రశ్న ఇంకా బయటికి రాలేదని సుయున్‌కు తెలుస్తూనే ఉంది.

"ఫొటో అంటే పారిపోయే మనిషిని తియ్యగలరా పిన్నీ?"

"ఎవరమ్మా?"

"మా నాన్న. నెయ్‌మెన్ ఊళ్లో వంట మేస్త్రి ఆత్సాయ్."

సుయున్ కెటిల్ కింద పెట్టింది. ఆ చుట్టుపక్కల రోడ్డుకు అడ్డంగా పెళ్లి షామియానా లేచిందంటే దాని వెనక ఆత్సాయ్ పొయ్యి ఉన్నట్టే. ఆయన చేతి వంట ఆమె లెక్కలేనన్ని పెళ్లిళ్లలో తిన్నది. మొహం గుర్తు తెచ్చుకోబోతే టోపీ తప్ప ఏమీ గుర్తుకు రాలేదు.

"మా అన్న పెళ్లికి ఇద్దరు ఫొటోగ్రాఫర్లను పెట్టాం. ఒకాయనకు ఆవిరి దొరికింది, ఇంకొకాయనకు గరిటె దొరికింది," అంది షిన్‌రూ. "ఐడీ కార్డు మీద తప్ప నాన్న మొహం ఎక్కడా లేదు. నేనేమో హ్వాలియెన్ వెళ్లిపోతున్నా. అక్కడ మా గోడకు పెట్టుకోవడానికి ఒక్క ఫొటో కావాలి."

"ఎందుకంత బెరుకు?"

"బెరుకు కాదు, పంతం. వంటవాడు పందిట్లో కనబడితే ఏదో మాడిందని అర్థమట. తప్పు ఒప్పుకోవడానికి తప్ప పొయ్యి ముందున్న తెర దాటకూడదట. నా పెళ్లికీ ఆయనే వండుతాడు. పెద్ద బల్ల దగ్గర మామయ్య పక్కన ఆయన కుర్చీ ఖాళీగా ఉంటుంది."

వృత్తిలో ఉన్నవాళ్లెవరైనా అక్కడ 'ప్రయత్నిస్తా' అంటారు. సుయున్‌కు ఆ మాట అలవాటు లేదు.

"తీస్తాను. ఆయన్ని పిలవను, నిలబెట్టను. చాటుగానూ తియ్యను. కెమెరా ఆయనకు కనబడుతూనే ఉంటుంది. సరేనా? ఇప్పుడు నేనొకటి అడుగుతా. నాన్న వంటల్లో నీకేది ఇష్టం?"

షిన్‌రూ మొదటిసారి నవ్వింది. "పీతల అన్నం. చిన్నప్పుడు ఎవరి పెళ్లయినా నేను పొయ్యి వెనక బుట్ట బోర్లించుకుని కూర్చునేదాన్ని. గిన్నె అడుగున పీతల రసం పీల్చుకున్న అన్నం ఎవరికీ వెయ్యకుండా నాకే పెట్టేవాడు."

పెళ్లినాడు సుయున్ తిన్నగా షామియానా వెనక్కి నడిచింది. ఆవిరి మీద వండే వెదురు బుట్టలు మనిషెత్తున పేర్చి ఉన్నాయి. ఆమె మెళ్లో కెమెరా చూడగానే ఆత్సాయ్ ఆవిరి గిన్నె మూత ఎత్తి డాలులా మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

"మా ఆయన మొహం చూడాలంటే ముందు మూత తియ్యాలి," అంది పెళ్లికూతురి తల్లి, వెల్లుల్లి వొలుస్తూ. "నేను పెళ్లయిన ఏడాదికి చూశా."

"నీ పని తెర ముందు, నా పని తెర వెనక. ఇక్కడికెందుకొచ్చావు?" అంది మూత.

"ఆకలేసి, మేస్త్రిగారూ."

ఆకలన్న మనిషిని ఏ వంటవాడూ వెనక్కి పంపడు. నూనెలోంచి అప్పుడే తీసిన రొయ్యల ఉండ ఒకటి మూత చాటునుంచి వచ్చింది. సుయున్ కెమెరా బియ్యం బస్తా మీద పెట్టి, ఊదుకుంటూ తిన్నది. అక్కడే నిలబడి ఆయన పని చూసింది.

భోజనాలు మొదలయ్యాయి. మొదటి పళ్లాలు బయటికి వెళ్లగానే ఆత్సాయ్ మాయమయ్యాడు. సామాను ట్రక్కుకూ షామియానా గుడ్డకూ మధ్య మనిషి పట్టేంత సందు ఉంది. ఆయన అక్కడ గొంతుక్కూర్చుని పెద్ద బల్ల వైపు చూస్తున్నాడు. అక్కడ కూర్చున్న బావమరిది, అంటే షిన్‌రూ మామయ్య, మొదటి ముద్ద నోట పెట్టుకుని తలాడించాక లేచి, రెండో వంటకం మీదికి వెళ్లాడు. సూప్ వెళ్లినప్పుడూ అదే తంతు. ఆయన పళ్లాలను చూడటం లేదు. తినేవాళ్ల మొహాలు చూస్తున్నాడు.

సుయున్ పందిట్లోకి వెళ్లి, సందుకు ఎదురుగా నిలబడి, మూడో వంటకం రాగానే కెమెరా ఎత్తింది. సందులో టోపీ చటుక్కున కిందికి దిగిపోయింది. బావమరిది తిన్నా ఆయన తల ఎత్తలేదు.

కెమెరా కనబడితే దాక్కుంటాడు. దాక్కోవడం మరిచిపోవాలంటే బావమరిది చాలడు. ఎవరు కావాలో ఆమెకు అప్పుడు అర్థమైంది. ఆ మనిషి కుర్చీలో లేదు. భోజనాల మధ్య గౌన్లు మార్చే ఆనవాయితీ ప్రకారం మూడో గౌను వేసుకోవడానికి లోపలికి వెళ్లింది. ఊరంతా కూర్చుని తింటుంటే పెళ్లికూతురు మాత్రం లోపల జడకు పిన్నులు గుచ్చించుకుంటూ ఉంటుంది.

వెనకనుంచి పీతల వాసన గుప్పున వచ్చింది. ఆత్సాయ్ వంటకాన్ని ఎవరికోసమూ ఆపడు. సుయున్ వెళ్లి పెళ్లికూతురి తల్లిని పట్టుకుంది.

"వదినా, అమ్మాయికి ఒక్క మాట చెప్పు. అన్నం గిన్నె మూత తీశారని చెప్పు, చాలు."

తల్లి ఆమె మొహంలోకి చూసింది. వెల్లుల్లి చేతులు రుమాలుకు తుడుచుకుని పరుగెత్తింది.

ఎర్రటి పీతలు పరిచిన పళ్లాలు బారులు తీరి వచ్చాయి. మగపెళ్లివారి బల్ల దగ్గర ఒక పెద్దాయన గ్లాసు ఊపాడు. "ఏమ్మా ఫొటో, మా వైపు తిరగవా? మావాళ్లు అందంగా లేరా?"

"అందం ఎక్కడికీ పోదులెండి, వస్తాను," అంటూ సుయున్ కాలు కదపలేదు. అన్నం పొగలు తగ్గుతున్నాయి. సందులో టోపీ మళ్లీ లేచింది, కూతురి ఖాళీ కుర్చీ వైపు చూసింది, దిగబోయింది.

అప్పుడు వచ్చింది షిన్‌రూ. మూడో గౌను లేదు. రెండో గౌనుతోనే, సగం జుట్టు పైకి, సగం భుజం మీదికి, చెవి పక్కన ఊగుతున్న క్లిప్పుతో, గౌను కుచ్చెళ్లు రెండు చేతులా ఎత్తిపట్టుకుని పరుగున వచ్చింది. వెనకాల మేకప్ ఆవిడ దువ్వెనతో. షిన్‌రూ తన చోటికి వెళ్లకుండా, నాన్న ఖాళీ కుర్చీలో కూర్చుంది. కూతురి కోసం ఆయన పంపిన చిన్న గిన్నె బల్ల మీద ఆ చోటే విడిగా పెట్టి ఉంది. అందులో పీత ముక్క లేదు. రసం పీల్చి ఎర్రబడిన అడుగు అన్నం మాత్రమే ఉంది.

ఆమె అన్నం తినే పుల్లలు పక్కకు నెట్టి చెంచా తీసుకుంది. చిన్నపిల్లలా బుగ్గలు ఉబ్బేదాకా నింపుకుంది.

సందులో ఆత్సాయ్ లేచి నిలబడ్డాడు. టోపీ వెనక్కి జరిగింది. గరిటె చేతిలో వేలాడుతోంది. ఎదురుగా కెమెరా ఉంది. ఆయన దాన్ని చూశాడు కూడా. అయినా గడ్డం ఎత్తి, నేను వండాను, నా కూతురు తింటోంది అన్నట్టు నిలబడ్డాడు.

సుయున్ ఒక్కసారే నొక్కింది. కూతురి బుగ్గా తండ్రి మొహమూ ఒకే ఫొటోలో పడ్డాయి.

ఆనవాయితీ ప్రకారం మగపెళ్లివారు వెళ్లొస్తామని చెప్పకుండానే వెళ్లిపోయారు. ఖాళీ అయిన బల్లలు మడుస్తుంటే పొయ్యి ముందు తెర తొలగింది. ఆత్సాయ్ మేస్త్రి ఆప్రాన్‌తోనే పందిట్లోకి నడిచి వచ్చాడు. ఇంకా తింటున్న ఊరివాళ్లు నమలడం ఆపేశారు.

"ఏం మేస్త్రీ, ఏం మాడింది?" అన్నాడు ఎవరో.

"ఏమీ మాడలేదు. నా కూతురి పెళ్లి," అన్నాడాయన.

సుయున్ కెమెరా వెనక స్క్రీన్ ఆయన వైపు తిప్పింది. ఆయన వంగి, కళ్లు చికిలించి చూశాడు.

"జుట్టు సగమే దువ్వుకుంది. నోటినిండా అన్నం."

"మళ్లీ తియ్యమంటారా?" అంది సుయున్. ముప్పయ్యేళ్లలో ఆ మాట అనడం అదే మొదలు.

"ఎందుకూ, బాగానే వచ్చిందిగా." ఆయన టోపీ సర్దుకున్నాడు. "అమ్మాయి గోడకు ఒకటి ఇయ్యి. ఇంకోటి... ఎంత పెద్దది చెయ్యొచ్చు?"

"మీకెంత కావాలి?"

ఆత్సాయ్ ట్రక్కు దగ్గరికి నడిచాడు. పక్క రేకు మీద పెద్ద అక్షరాల్లో ఉన్న తన పేరు కింద ఖాళీని ఆప్రాన్‌తో తుడిచి, రెండు చేతులూ బార్లా చాపి కొలిచి చూపించాడు.