వెక్కిరింతల్లో ఎన్ని రకాలో

ఆ పిల్లని అందరూ గుసగుస అనే పిలిచేవారు. ఆమె గొంతు పక్కబెంచీ దాకా కూడా వెళ్లేది కాదు మరి. అలాంటి పిల్లకి బడి వార్షికోత్సవంలో స్టేజీ ఎక్కి ఇంగ్లీషులో మాట్లాడాలని కోరిక పుట్టింది. ఇంగ్లీషు మేడమ్ సరేనంది గానీ ఒక మెలిక పెట్టింది.

"ఎగతాళికి ఇంగ్లీషులో బోలెడు మాటలున్నాయి. వాటి తేడాలు రేపు క్లాసులో చెప్పు. వెనక బెంచీకి వినిపిస్తే స్టేజీ నీది. లేదంటే ఇంకొకరికి ఇచ్చేస్తా."

మాటలు కంఠతా వచ్చాయి. తేడాలే బుర్రకెక్కలేదు. డిక్షనరీ తిరగేస్తే అన్నిటికీ "ఎగతాళి చేయు" అనే ఉంది. ఏం చెయ్యాలో తోచక, మర్నాడు పొద్దున్నే మేనత్త కుట్టుదుకాణంలో మెషిన్ పక్కన కూలబడింది. చేతులు ఊరుకోక, అలవాటుగా కొలతల టేపు మెడలో వేసుకుంది.

ఆ దుకాణంలో ఒక రివాజు ఉంది. తప్పు కుట్టినవాళ్లు ఎత్తుపీట ఎక్కాలి. మిగతావాళ్లు తలో మాటా అంటారు. కోపం తెచ్చుకోకుండా అందరికీ జవాబు చెప్పాకే దిగాలి. ఆ రోజు పీట ఎక్కింది బొత్తాల పిన్ని. చొక్కా జేబు తీసుకెళ్లి వీపుకి కుట్టేసింది.

"ఏమే, ఆ చొక్కా ఇచ్చినాయన దువ్వెన వీపున పెట్టుకుంటాడా?" అంది అత్త.

"వెనకాల వచ్చేవాళ్లు తల దువ్వుకుంటార్లే వదినా!"

గుసగుస కళ్లు మెరిశాయి. "అత్తా, ఇదే టీజ్! ప్రేమగా ఆటపట్టించడం!"

"మరి మీ అత్త మూతి అష్టవంకర్లు తిప్పుతుందే, దాన్నేమంటారు?" అన్నాడు ఇస్త్రీ మావయ్య.

"స్నీర్, మావయ్యా. చులకనగా చూడటం."

"నేనెప్పుడు తిప్పానయ్యా!" అంటూ అత్త మూతి తిప్పింది. పీట మీద పిన్ని అచ్చం అలాగే తిప్పి చూపించింది.

"అది మిమిక్!" అని గుసగుస చప్పట్లు కొట్టింది. దుకాణమంతా పడీ పడీ నవ్వింది. అంతలో దూరంగా బడి గంట మోగింది. ఆమె పుస్తకాలు చంకన పెట్టుకుని ఒకటే పరుగు.

క్లాసులో లేచి నిలబడగానే ఎవరో కిసుక్కుమన్నారు. మెడలో టేపు అలాగే వేలాడుతోంది!

"ఒసే గుసగుసా, దమ్ముంటే మన లావు మేష్టారి నడుం కొలవవే చూద్దాం!" అన్నాడు వెనక బెంచీ పొడుగోడు. గది దద్దరిల్లింది. స్టేజీ చేజారినట్టే అనుకుంది గుసగుస. కూర్చుందామని మోకాళ్లు వంచింది కూడా. అప్పుడు ముందు వరసలోంచి తిరిగి చూస్తున్న ఒకమ్మాయి పెదవి ఒకవైపుకి సాగడం కనిపించింది. అచ్చం అత్త మూతే! భయం పోయి నవ్వు తన్నుకొచ్చింది.

"నువ్వు చేసేది స్నీర్!" అంది. గొంతు కీచుమంది గానీ ఆగలేదు. "ఒరేయ్ పొడుగోడా, దమ్ముంటే అని రెచ్చగొట్టావే, అది టాంట్! మీరంతా బల్లలు బాదుతూ గుంపుగా గేలి చేస్తున్నారే, అది జీర్! ఆ మూల నాలా మెడ వంచి నిలబడ్డాడే, వాడు చేసేది మిమిక్!"

మేడమ్ కళ్లజోడు సర్దుకుని, "హుఁ, ఈ గొంతు గుసగుసదా? నేను నమ్మను," అంది.

"మేడమ్, అది స్కాఫ్! నమ్మకం లేక కొట్టిపారెయ్యడం!"

ముందు మేడమే ఫక్కున నవ్వింది. ఆ వెంటనే క్లాసంతా. ఈసారి పొడుగోడు కళ్లు తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

"వెనక బెంచీ! వినిపించిందా?"

"చెవులు చిల్లులు పడ్డాయి మేడమ్!"

"అయితే స్టేజీ నీదేనే. ఇక కూర్చో."

"ఇంకా రిడిక్యూల్ చెప్పలేదు మేడమ్! నలుగురిలో నవ్వులపాలు చెయ్యడం. దానికి ఉదాహరణ ఏంటంటే..."

"తల్లీ, గంట కొట్టేశారే!"

గుసగుస వింటేగా. అందరూ బయటికి పోతుంటే, ఉదాహరణ చెబుతూ వరండా చివరిదాకా వాళ్ల వెంటపడింది.