సాంబశివరావు సారు గొంతు

పొద్దున్నే చద్దన్నం తిని ముడిమ్యాల నుంచి చేవెళ్ల బడికి నడిచిపోవడం ప్రేమదాసుకు అలవాటే. ప్రత్యేక రాష్ట్ర ఉద్యమంలో నెలల తరబడి మూతబడ్డ బడిని మళ్ళీ తెరిచారు. పై తరగతికి వచ్చిన పిల్లలు గ్రూపు ఎంచుకోవాలి. లెక్కలూ ఫిజిక్సూ ఒక గదిలో, జీవశాస్త్రం పక్క గదిలో. ఫిజిక్స్ అంటే ప్రేమదాసుకు ప్రాణం. అయినా జీవశాస్త్రానికే పేరిచ్చి వచ్చాడు.

"కప్పను జూస్తేనే ఉరుకుతవు, నీకెందుకు బిడ్డా ఆ కోతల సదువు?" అంది తల్లి మారెమ్మ.

"ఊకో అవ్వా" అన్నాడే గానీ కారణం చెప్పలేదు. చెప్పడానికి మొహం చెల్లలేదు.

కారణం ఫిజిక్స్ సారే. సాంబశివరావు సారుది గుంటూరు వైపు. ప్రేమదాసుది చర్చిలో పాటెత్తితే కప్పు ఎగిరిపోయే గొంతని, ఉద్యమంవాళ్లు ఊరేగింపులో నినాదాలన్నీ అతని చేతే ఇప్పించారు. కొలువులు ఇక్కడివాళ్లకే కావాలన్న మాటలో అతనికి ఇప్పటికీ తప్పు కనబడదు. కానీ ఆ రోజు గుంపు సారు కిరాయి ఇంటి ముందు ఆగినప్పుడు "గో బ్యాక్!" అని అందరికంటే గట్టిగా అరిచింది తనే. సారు కిటికీలోంచి చూశారు. బడి మూతబడక ముందు చివరి పాఠంలో లోలకం ఊపులు లెక్కపెట్టమని చేతి గడియారం విప్పి ఆయన ఇచ్చింది ఈ పిల్లాడికే. మర్నాడు సామాను సర్దుకుని బస్సెక్కారు.

ఆయన వెళ్లారు గానీ గొంతు మాత్రం బడిలోనే ఉండిపోయింది. ఫిజిక్స్ గంట కొట్టగానే ఖాళీ కుర్చీలోంచి హాజరు పిలిచేది. హెడ్మాస్టరు కొత్త సారును పంపమని అడగడం మానేశారు. అటెండరు యాదయ్య రోజూ ఆ కుర్చీ తుడిచి, పక్కన మంచినీళ్ల గ్లాసు పెట్టేవాడు.

వచ్చిన చిక్కల్లా ఒక్కటే. పాత వరుసలోనే పేర్లు పిలిచి, "ప్రేమదాసు" దగ్గర గొంతు ఆగిపోయేది. జవాబు వస్తేనే గానీ పాఠం మొదలుపెట్టదు. పిల్లలు గంటంతా చేతులు కట్టుకుని కూర్చునేవాళ్లు. పక్క గదిలో ప్రేమదాసు కప్ప ముందు తల వంచుకునేవాడు. చెవులు మూసుకున్నా ఆ పిలుపు వినబడేది.

ఒకనాడు యాదయ్య అతన్ని వరండాలో ఆపాడు.

"గుంటూరు దిక్కు పోయొచ్చినోళ్లు చెప్పిన్రు. సారు ఆడ మూగపోయిండట. పెండ్లాంతోని సుత సైగలేనట. గొంతు ఈడ్నే ఉండె, ఆయనేం మాట్లాడ్తడు? పాఠాలన్నీ అయిపోయినంకనే పోతది అది."

"సారును నేనే ఎల్లగొట్టిన యాదన్నా. ఆ గదిలకు ఏ మొకం పెట్టుకొని పోవాలె?"

"గా మొకమే పెట్టుకొని పో. ఇంకోటి యాడికెళ్లి తెస్తవు?"

ప్రేమదాసు జీవశాస్త్రం పుస్తకాన్ని యాదయ్య చేతిలో పెట్టి, ఫిజిక్స్ గది గుమ్మంలో నిలబడ్డాడు.

"ప్రేమదాసు" అంది గొంతు.

ఊరంతా వినబడేలా అరిచిన నోటితోనే ఇప్పుడు మెల్లగా పలికాడు.

"ఉన్న సార్."

తిట్టినా బాగుండును అనుకున్నాడు. గొంతు తిట్టలేదు.

"రా, కూర్చో. నిన్న ఎక్కడ ఆపాం?"

ప్రేమదాసు ఏడుస్తూనే చెప్పాడు.

"లోలకం కాడ, సార్."