ఊపిరి తీసుకునే చోటు

మా చెల్లి తన మొదటి సోలో ఆల్బమ్ వినడానికి రమ్మంటే, సంతోషంగా వెళ్లానని చెబితే అబద్ధమే. చిన్నప్పటి నుంచీ ఇద్దరం కలిసే పాడాం. గొంతుకి ఆపరేషన్ అయ్యాక నా పాట ఆగిపోయింది. ఒక్కదానివే పాడవే అని దాని ప్రాణం తీసింది నేనే. తీరా పాడుతుంటే కడుపు మండిందీ నాకే.

దాని స్టూడియో అంటే బట్టల గది. గోడలకు దుప్పట్లు, కోట్లు వేలాడదీసి మధ్యలో మైకు పెట్టుకుంది. సౌండ్ ఇంజనీరు గుమ్మంలో స్టూలు వేసుకుని, ఆముదం తాగినవాడిలా కూర్చున్నాడు. పాటలన్నీ బాగున్నాయట, కానీ ప్రతి చరణంలోనూ ఖాళీలట. కోసేస్తానంటే ఈవిడ ఒప్పుకోవడం లేదట. ఇలాగే వదిలితే వినేవాళ్లు పాట మర్చిపోయిందనుకుంటారని ఆయన బాధ.

హెడ్‌ఫోన్లు పెట్టుకుని విన్నాను. రెండో లైను కాగానే అది ఆగింది. ఆ ఖాళీ ఏమిటో నాకు తెలియకపోతే ఇంకెవరికి తెలుస్తుంది? అక్కడ నేను అందుకునేదాన్ని. నా వంతు అయ్యేదాకా కాచుకుని, అప్పుడు తర్వాతి లైను ఎత్తుకుంటోంది. ప్రతి పాటలోనూ అదే వరస. నాకు కళ్లు నిండాయి, వెంటనే కోపమూ వచ్చింది.

"నాకోసం ఎదురుచూస్తూ ఆల్బమ్ చెడగొట్టుకుంటావా? ఆ లైన్లు కూడా నువ్వే పాడు."

"అవి నీవక్కా. నేను పాడితే నిన్ను తీసేసినట్టుంటుంది."

"నేనే ఇస్తున్నా, తీసుకోవే."

చివరికి, నేను పక్కన ఉంటేనే పాడతానంది అది. కోట్ల మధ్య ఇరుక్కుని నిలబడ్డాను. ఈసారి ఎక్కడా ఆగకుండా, నా లైన్లు కూడా కలుపుకుని పాడింది. నాకంటే బాగా పాడింది, ఆ మాట చెప్పడానికి నాకేం నామోషీ లేదు.

పాట అయ్యాక ఇంజనీరు మళ్లీ మొహం ముడిచాడు. నా లైను వచ్చే ప్రతిసారీ, ముందు ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు రికార్డయిందట. ఎవరో ఏమిటి, నేనే. అలవాటు కొద్దీ అందుకోబోయాను, నాకే తెలియలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. తుడిచేస్తానన్నాడాయన.

"అది మాత్రం ముట్టుకోవద్దండి," అంది మా చెల్లి.

ఆల్బమ్ మీద దాని పేరు ఒక్కటే ఉంది. అలాగే ఉండాలని నేనే పట్టుబట్టాను. లోపల మాత్రం, ఊపిరి నేను తీసుకుంటాను, పాట అది పాడుతుంది.