వీపు మీది పిల్ల

మూడో అంతస్తు నుంచి కూతుర్ని వీపున మోసుకుని దిగుతున్నాడు ఇస్త్రీ అతను. తొమ్మిదేళ్ళ పిల్ల, చూడ్డానికి ఆరేళ్ళదానిలా ఉంటుంది. మెట్ల మలుపులో ఆగి, "అబ్బో, బరువెక్కావే," అన్నాడు, పైన గుమ్మంలో నిలబడ్డ భార్యకు వినపడేలా.

"అబద్ధం," అంది పిల్ల అతని చెవిలో.

పుట్టుకతోనే దాని గుండెలో చిల్లు ఉంది. పసిగుడ్డుగా ఉండగా ఒక ఆపరేషన్ అయింది. రెండోది చెయ్యాలంటే కాస్త ఒళ్ళు చెయ్యాలన్నాడు డాక్టరు. నమలడానికే అలిసిపోయే పిల్లకు తల్లి ముద్దకో కబురు చెప్పి తినిపిస్తుంది.

కొట్లో దుప్పట్ల మీద దాన్ని కూర్చోబెట్టి, పెట్టె వేడి చేశాడు. బడి మాన్పించాక దాని చోటు అదే. ఇస్త్రీ అయిన చొక్కా అందిస్తే, మడతల్లో నీలం తిరిగిన వేళ్ళు దూర్చి వెచ్చబెట్టుకుంటుంది.

"నాన్నా, నా గోళ్ళకీ ఇస్త్రీ పెట్టు. రంగు మారతాయేమో."

"ముడతలుంటేనే పెడతాం. మీ అమ్మమ్మని తీసుకురా."

నవ్వింది. ఆ నవ్వుకే ఆయాసం వచ్చింది. గొంతుక్కూర్చుని మోకాళ్ళు రొమ్ముకు ఆనించుకుంది. అలా కూర్చుంటే ఊపిరి కుదుటపడుతుందని దానికెవరూ నేర్పలేదు. అతను వీపు నిమురుతూ ఉండిపోయాడు.

"ఆపరేషనయ్యాక మెట్లు నేనే ఎక్కుతా."

"మధ్యలో ఎత్తుకోమంటే ఎత్తుకోను మరి."

"నేనే నిన్ను ఎత్తుకుంటాలే."

మధ్యాహ్నం నిద్రపోయింది. చీరల కోసం వచ్చిన టీచరమ్మ గట్టిగా మాట్లాడుతుంటే, "మెల్లగా అమ్మా, పాప పడుకుంది," అన్నాడు. ఆమె వెళ్ళాక ఇంకో రెండు చీరలు, ఒక దుప్పటి ముగించాడు. వేడి తగ్గకముందే పిల్లకు కప్పుదామని ఆ దుప్పటి తీసుకుని వంగాడు. పిల్ల రొమ్ము కదలడం లేదు.

పెట్టె ఆర్పకుండానే ఎత్తుకుని వీధి చివరి ఆసుపత్రికి పరిగెత్తాడు. అక్కడి డాక్టరు చాలాసేపు ప్రయత్నించి, చేతులు వెనక్కి తీసుకున్నాడు. "నిద్రలోనే పోయింది," అన్నాడు మెల్లగా.

పొద్దు వాలుతుండగా మెట్లెక్కి వచ్చాడు. భార్య తలుపు తీసింది. అతని భుజం మీద వాలిన తలను చూసి గొంతు తగ్గించింది.

"పడుకుందా?"

అతను తలూపాడు. ఆమె పక్క సర్దడానికి లోపలికి వెళ్ళింది. అతను గడప దాటలేక అక్కడే నిలబడ్డాడు.

కొన్నాళ్ళకు కొట్టు తెరిచాడు. ఊడుస్తుంటే బల్ల కింద పిల్ల చెప్పులు చీపురుకు తగిలాయి. కొని రెండేళ్ళు దాటింది. ఒకదాన్ని తీసి తిరగేశాడు. అడుగున అచ్చువేసిన పువ్వులు ఒక్క రేకైనా అరగలేదు.