కాలని చెయ్యి

"మొద్దయింది" అని తనలో తాను గొణుక్కున్నాడు ముత్తెన్న.

గానుగ కిర్రుమంటుంటే పొయ్యిలో పిప్పి ఎగదోస్తున్న పెంటవ్వకు అది "మడ్డయింది" అని వినబడింది. ఇంకేముంది!

"ఓ పటేలా! కడాయెడు పాకం మడ్డయిందట!"

ఎడ్లు ఆగాయి, గానుగ ఆగింది, రాజేశ్వర్ పటేల్ గుండె కూడా ఒక చుట్టు ఆగింది. చెరుకు రసానికి పేర్లెన్నో: తేరితే పానకం, ముదిరితే పాకం, బిగిస్తే బెల్లం. బిగియక సాగిలపడితే మడ్డి. మడ్డిని పశువులు కూడా మొహమాటానికే నాకుతాయి.

"మడ్డి గాదు, మద్దెల గాదు" అన్నాడు ముత్తెన్న. "నిలబడి నిలబడి ఒళ్లు మొద్దయిందన్న. నీ చెవులల్ల పిప్పి తీస్కో పెంటవ్వా."

అందరూ నవ్వారు. గంగవ్వ మాత్రం నవ్వలేదు. మొద్దయింది ఒళ్లు కాదని ముత్తెన్న పెండ్లానికి తెలుసు.

నిజాంసాగర్ కాలువ నీళ్లొచ్చి బాన్సువాడ చుట్టూ చెరుకు లేచిన నాటినుంచి పటేల్ గానుగ కాడ పాకం పట్టేది ముత్తెన్నే. పాకం కుదిరిందో లేదో చూడాలంటే ఎవరైనా ముందు చన్నీళ్లలో వేళ్లు ముంచి, చటుక్కున ఇంత పాకం తీసి, మళ్లీ నీళ్లలోనే ఉండ చేస్తారు. రెండేండ్లుగా ముత్తెన్నకు ఆ నీళ్లతో పని లేదు. కుతకుతలాడే కడాయిలో వేళ్లు పెట్టి, తీరిగ్గా తీసి, తీగ సాగదీసి చూపేవాడు. "మైసమ్మ తల్లి ఇచ్చిన చెయ్యి" అని జనం మొక్కారు. జనం మొక్కితే తానూ నమ్మాడు. పాకం తెలిసినవాడే గానీ, లోకం తెలిసినవాడు కాదు.

పదిరోజుల కింద అన్నం పెడుతూ గంగవ్వ చూసింది. వేళ్ల మీద బొబ్బ పగిలి నీరు కారుతోంది.

"నొస్తలేదా?"

"ఏంది నొచ్చేది?"

మరునాడే దవాఖానకు తీసుకుపోయింది. డాక్టరు కండ్లు మూసుకొమ్మన్నాడు. "సూది గుచ్చంగనే చెప్పు" అన్నాడు.

"గుచ్చుండ్రి సారూ, చెప్త."

"ఆరుసార్లు గుచ్చిన" అన్నాడు డాక్టరు.

చెరుకు తీపని వేళ్లతో నమలొద్దంటారు. ఇక్కడ ముత్తెన్న వేళ్లనే ఏదో నమిలేస్తోంది. ఆ రోగం పేరు డాక్టరు మెల్లగా చెప్పాడు. వారం వారం సూది వేయించుకోవాలి, పదిమంది తినేదాంట్లో చెయ్యి పెట్టొద్దన్నాడు.

"ఎవ్వలకు చెప్పకు" అని దారిపొడుగునా ఏడ్చింది గంగవ్వ. "చెప్తె పొయ్యి కాడికి రానియ్యరు. ఊర్లెనన్న ఉండనిస్తరా?"

నాటినుంచి ముత్తెన్న గరిటెతోనే పాకం చూస్తున్నాడు. బెల్లం కొట్టిన రాయిలా నోరు మూసుకున్నాడు. కానీ ఈ రోజు గానుగ కాడ కొత్త బెల్లం పండుగ. ఆ ఏడు పుట్టిన పిల్లల నాలుక మీద పాకం పట్టే మనిషే వేలితో తీపి రాయాలి. అది గానుగ ఆచారం. ఆచారం చెంగు పట్టుకుని ముత్తెన్న బిడ్డ ప్రేమల, తన మూడు నెలల పాపతో వచ్చి నిలబడింది.

"రాయి నాయినా. నీ చేతి తీపి తిన్నదని రేపు చెప్పుకుంటది."

పాప నోరు తెరిచింది. ముత్తెన్న చెయ్యి వెనక్కి పెట్టుకున్నాడు.

"ఇయ్యాల వద్దు బిడ్డా."

"ఎందుకొద్దు?"

"నేను రాస్త తియ్యి" అని గంగవ్వ అడ్డం వచ్చింది.

"నువ్వు రాస్తె గానుగ ఒప్పుతదా?" అన్నాడు పటేల్. "ఏంది ముత్తెన్నా, నా మనుమనికి పోయినేడు గిన్నెడు రాస్తివి. ఆడపిల్ల అనంగనే చుక్క తీపి బరువాయెనా?"

ప్రేమల మొహం మాడిపోయింది. "గదేనా నీ కడుపులున్నది? చెప్తె నేను రాకనే పోదును గద నాయినా!"

పిల్లను భుజానికెత్తుకుని వెనుదిరిగింది. గంగవ్వ కండ్లతోనే మొగుని కాళ్లు పట్టుకుంది, చెప్పొద్దని. ముత్తెన్న ఆమె దిక్కు చూడలేదు.

"ఆగు బిడ్డా. పటేలా, మీరు గూడ వినుండ్రి."

చెయ్యి ముందుకు చాపాడు. పగిలిన బొబ్బలు, వంకర తిరుగుతున్న చిటికెన వేలు.

"కాలుతలేదంటె మైసమ్మ మహిమ అన్నరు. నేను గూడ అట్లనే అనుకున్న. మహిమ గాదు. పెద్దరోగం. సూది గుచ్చినా తెలుస్తలేదు. ఆడపిల్ల అని గాదు తల్లీ, నా పిల్ల అని రాయలే."

పెంటవ్వ చేతిలోని పిప్పి కింద పడింది. పటేల్ కండువాతో మూతి మూసుకున్నాడు. గంగవ్వ పొయ్యి పక్కనే కూలబడింది.

ప్రేమల పాపను చెంగు కిందికి లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది. వేసి, తప్పు చేసినట్టు నిలబడిపోయింది.

"ఆగకు బిడ్డా" అన్నాడు ముత్తెన్న. "ఇంకో రెండు వెయ్యి."