సముద్రానికి కొండ సాక్ష్యం

"ఇంకొక్కసారి తోలప్పా!" కెమెరా వెనక నుంచి శివశంకర్ అరిచాడు.

మిట్టమధ్యాహ్నం. రామగిరి కొండమీద గాలిమరల కంపెనీ గేటు బార్లా తెరిచి ఉంది. కాపరి తిప్పేస్వామి తోలిన గొర్రెలు గేటుదాకా వచ్చి, పక్కకు తిరిగి, ఎప్పటిలాగే కంచె వెంబడే పోయాయి.

శివశంకర్ పెనుకొండవాడే, కంపెనీలో ఆఫీసరు. ఆ కంపెనీ ఇప్పుడు సముద్రంలో కూడా మరలు పాతబోతోంది. ఏ నీళ్ళు మరలకు, ఏ నీళ్ళు వలలకు అని పంచి పటం గీయాలి. అక్కడి బెస్తవాళ్ళు ఒప్పుకోవడం లేదు. వాళ్ళకు చూపించడానికి మరల కింద మేసే గొర్రెలూ, నవ్వుతూ మాట్లాడే కాపరీ కావాలి.

ఈ కొండనూ అలాగే పంచారు. మరలు మావి, గడ్డీ మంద పోయే దారీ మీవే అన్నారు. మరలు లేచాక కంచె వచ్చింది, కంచెకు గేటు, గేటుకు కాపలా. ఎంత దయగల కంపెనీ అంటే, ఆ కాపలా ఉద్యోగం తిప్పేస్వామి కొడుకు గిరికే ఇచ్చింది. సొంత నాయన గొర్రెల్ని తరమడమే వాడి పని. మేత లేక సగం మంద అమ్ముడుపోయింది. ఇప్పుడు ఇల్లు గడిచేది గిరి జీతంతోనే.

"నువ్వు పిలువు గిరీ, వస్తాయేమో," అన్నాడు శివశంకర్.

గిరి లోపల నిలబడి ఈల వేశాడు. రోజూ తరిమేటప్పుడు వేసే ఈల అదే. గొర్రెలు ఒకదాని మీదొకటి పడుతూ వంకలోకి పరుగెత్తాయి. గిరి తల దించుకున్నాడు.

శివశంకర్‌కు విసుగొచ్చింది. "గొర్రెలు లేకున్నా పర్వాలేదప్పా. లోపల నిలబడి, 'మరలతో మాకేం కష్టం లేదు, మీరూ ఒప్పుకోండి' అని చెప్పు. గిరిని పర్మినెంటు చెయ్యమని రాస్తా. చెప్పకుంటే నా చేతిలో ఏముండాది?"

"సముద్రంలో కంచె ఎట్లేస్తారు సారూ?"

"కంచె ఉండదు. పడవలు పోయేదానికి దావ గీస్తాం."

"మాకూ గీసినారు గదా సారూ, దావ."

"నాయనా, ఒక్క మాట చెప్పు నాయనా," అన్నాడు గిరి.

తిప్పేస్వామి సముద్రం ఎన్నడూ చూడలేదు. కానీ అక్కడ తనలాంటివాడే ఒకడు ఈ మాట నమ్మి సంతకం పెడతాడని ఆయనకు తెలుసు. కొడుకు ముఖం చూస్తే గుండె నీరైంది. అయినా గేటు దాటలేదు.

"గొర్రెలే అబద్ధం ఆడలేదు. నన్ను ఆడమంటావేమిరా?"

తువ్వాలు భుజాన వేసుకుని మంద వెనక వంకలోకి దిగిపోయాడు.

శివశంకర్ కెమెరా సర్దుకున్నాడు. "గేటెయ్యి గిరీ. రేపట్నుంచి రావద్దులే."

గిరి అలవాటుగా లోపలి నుంచే గేటు మూసి గడియ పెట్టాడు. తానిక బయటివాడేనని అప్పుడు తట్టింది. గొర్రెల్ని తరిమే కట్టె ఇంకా చేతిలోనే ఉంది.